జెర్సీ మీద ఊరి పేరు

బేస్‌బాల్ గురించి చెప్పుకోవడానికి రేడియో కంటే తగిన చోటు లేదు. 1921 ఆగస్టు 5న పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ స్టేషన్ పైరేట్స్, ఫిల్లీస్ జట్ల ఆటను ప్రసారం చేసింది. ఒక మేజర్ లీగ్ ఆట రేడియోలో వినబడడం అదే మొదలు. ఆ తర్వాత అమెరికాలో ఎన్నో ఇళ్ళలోకి ఈ ఆట చెవుల దారినే వచ్చింది. విన్ స్కల్లీ అనే మహా వ్యాఖ్యాత 1950 నుంచి 2016 దాకా, 67 సీజన్లు, డాడ్జర్స్ జట్టు ఆటలు చెప్పాడు. లాస్ ఏంజెలిస్‌లో టికెట్ కొనుక్కుని స్టేడియంలో కూర్చున్నవాళ్ళు కూడా ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకునేవాళ్ళు. ఆట కళ్ళెదుటే జరుగుతున్నా ఆయన నోటంట వింటే తప్ప వాళ్ళకి చూసినట్టు ఉండేది కాదు.

ఈ ఆటకి ఓపిక కావాలి. మేజర్ లీగ్‌లో 30 జట్లు. ఒక్కో జట్టు మార్చి చివర మొదలుపెట్టి సెప్టెంబర్ చివరిదాకా 162 మ్యాచ్‌లు ఆడుతుంది. దాదాపు రోజూ ఆటే. వంద ఆటలు గెలిచిన జట్టుని ఆకాశానికెత్తుతారు, అంటే ఆ మహా జట్టు కూడా అరవైకి పైగా ఓడిందన్నమాట. ఇలాంటి ఆటకి అభిమాని కావడమంటే ఓటమితో కలిసి కాపురం చేయడమే.

నేను కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్ళో ఉంటాను. తెలుగువాళ్ళు బాగా ఉన్న ఊరు. మాకు దగ్గరి జట్టు ఒకప్పుడు ఓక్లండ్ అథ్లెటిక్స్. అందరూ ముద్దుగా ‘ఏస్’ అంటారు. దగ్గరగా ఉండేది కాబట్టి ఆ జట్టు మనిషినయ్యాను. అంతకు మించిన కారణం లేదు, అక్కర్లేదు కూడా. ఆ జట్టు ఇప్పుడు ఓక్లండ్‌లో లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ముందు వేరే జట్ల సంగతి కొంత చెప్పాలి. ఎందుకంటే అమెరికాలో బేస్‌బాల్ అభిమానం అనగానే టీవీలో కనబడేది ఒకే ఒక బొమ్మ: న్యూయార్క్ యాంకీస్, బోస్టన్ రెడ్ సాక్స్ ఎదురెదురుగా నిలబడి గుర్రుగా చూసుకోవడం.

ఆ పగకి మూలం చిన్నదేమీ కాదు. 1919 డిసెంబర్‌లో బోస్టన్ యజమాని హ్యారీ ఫ్రేజీ, బేబ్ రూత్ అనే ఆటగాణ్ణి లక్ష డాలర్లకు యాంకీస్‌కి అమ్మేశాడు. పైగా తన సొంత స్టేడియం ఫెన్‌వే పార్క్‌ని తాకట్టు పెట్టి యాంకీస్ యజమాని దగ్గరే అప్పు తీసుకున్నాడు. అప్పటికి బోస్టన్ ఐదుసార్లు వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు, యాంకీస్ ఒక్కసారీ గెలవని జట్టు. ఆ తర్వాత 2000 నాటికి యాంకీస్ 26 సార్లు గెలిచారు. బోస్టన్ 1918 తర్వాత 86 ఏళ్ళు ఎదురుచూసింది.

అన్నేళ్ళు ఒకళ్ళే గెలుస్తూ ఇంకొకళ్ళే ఓడుతూ ఉంటే దాన్ని వైరం అనవచ్చా? బోస్టన్‌వాళ్ళకి అది గుండెకోత. న్యూయార్క్‌వాళ్ళకి అది చాలాకాలం ఒక సరదా. 2004 అక్టోబర్‌లో గాని అది రెండువైపులా సమానం కాలేదు. ఆ ఏడాది లీగ్ ఫైనల్‌లో బోస్టన్ మొదటి మూడు ఆటలూ ఓడింది. మూడోది సొంత మైదానంలో 19–8 తేడాతో ఓడింది. నాలుగో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్. యాంకీస్ ఒక పరుగు ముందున్నారు. బంతి వేస్తున్నది మరియానో రివేరా, ఆట ముగించడంలో అతన్ని మించినవాడు లేడు. కెవిన్ మిల్లార్ నాలుగు చెడ్డ బంతులు వదిలేసి మొదటి బేస్‌కి నడిచాడు. అతని బదులు పరిగెత్తడానికి డేవ్ రాబర్ట్స్‌ని పంపారు. రాబర్ట్స్ రెండో బేస్ దొంగిలిస్తాడని స్టేడియంలో ప్రతి ఒక్కరికీ తెలుసు. రివేరాకీ తెలుసు. మూడుసార్లు బంతిని మొదటి బేస్‌కి విసిరి బెదిరించాడు. నాలుగోసారి బ్యాటర్‌కి వేశాడు, రాబర్ట్స్ దూకాడు, గ్లవ్ తగలడానికి రెప్పపాటు ముందు అతని చెయ్యి బేస్‌ని తాకింది. తర్వాత బిల్ మ్యూలర్ కొట్టిన బంతి మైదానం మధ్యగా పోయింది, స్కోరు సమం. పన్నెండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్. అక్కణ్ణుంచి బోస్టన్ వరసగా నాలుగు ఆటలూ గెలిచి, ఆ ఊపులోనే వరల్డ్ సిరీస్ కూడా గెలిచింది. మొదటి మూడు ఆటలూ ఓడి సిరీస్ గెలిచిన జట్టు మేజర్ లీగ్ చరిత్రలో అంతకుముందు లేదు.

ఆ వారం నిజం. దానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. నా గొడవల్లా ఆ వారాన్ని పెట్టుబడిగా పెట్టుకుని తర్వాత ఇరవై ఏళ్ళు చేసిన వ్యాపారం మీద. 2005 నుంచి 2025 దాకా ఈ రెండు జట్లూ ప్లేఆఫ్స్‌లో తలపడింది మూడుసార్లే: 2018, 2021, 2025. అయినా ఆదివారం రాత్రి దేశమంతా చూసే మ్యాచ్ అంటే మాటిమాటికీ వీళ్ళదే. 2001 నుంచి 2022 దాకా ఒకే డివిజన్ జట్లు ఏడాదికి 18, 19 సార్లు ఆడుకునేలా షెడ్యూల్ పెట్టారు. ఏప్రిల్‌లో అప్పుడే సీజన్ మొదలై, ఎవరికీ ఏమీ తేలని రోజుల్లో కూడా అదే డప్పు, అదే పాత వీడియో ముక్కలు. నెలకోసారి వచ్చే పండగ ఇంక పండగెలా అవుతుంది? 2023లో ఆ సంఖ్యని 13కి తగ్గించారు. నా లెక్కలో అది లీగ్ చేసిన మంచి పనుల్లో ఒకటి.

ఇంకా ముందుకెళ్ళి వైరాలను తయారుచేయడం కూడా మొదలుపెట్టారు. 1997 నుంచి మేజర్ లీగ్‌లోని రెండు లీగుల జట్లు సీజన్‌లో ఒకదానితో ఒకటి ఆడుకోవడం మొదలయ్యాక ప్రతి జట్టుకీ ఒక సహజ ప్రత్యర్థిని చూపించాల్సి వచ్చింది. న్యూయార్క్‌కి యాంకీస్, మెట్స్ ఉన్నారు. షికాగోకి కబ్స్, వైట్ సాక్స్ ఉన్నారు. మిగిలిపోయినవాళ్ళ సంగతేమిటి? సియాటెల్‌నీ శాన్ డియాగోనీ జతకట్టారు. ఈ రెండు ఊళ్ళ మధ్య దూరం రోడ్డు మీద సుమారు 2,000 కిలోమీటర్లు. అభిమానులు ఇదేం జోడీరా అని నవ్వుకుని, శాన్ డియాగోలో కొన్నాళ్ళుండి సియాటెల్‌లో పేరు తెచ్చుకున్న రాక్ గాయకుడు ఎడ్డీ వెడ్డర్ పేరుతో దాన్ని వెడ్డర్ కప్ అన్నారు. ఆ వేళాకోళం పేరే చివరికి అసలు పేరైంది. 2025 మేలో లీగ్ ఏకంగా ‘రైవల్రీ వీకెండ్’ అని ఒక వారాంతం పెట్టి అన్ని వైరాలనూ ఒకేసారి జరిపించేసింది.

వైరం అలా పుట్టదు. అది ఎలా పుడుతుందో తెలియాలంటే 1957కి ముందున్న న్యూయార్క్ వెళ్ళాలి. బ్రూక్లిన్‌లో డాడ్జర్స్, మన్‌హట్టన్‌లో జెయింట్స్. ఒకే లీగ్, ఒకే నగరం. సబ్‌వే ఎక్కితే ఇక్కణ్ణుంచి అక్కడికి చేరవచ్చు. పనిచేసే చోట పక్క కుర్చీలో, కొన్ని ఇళ్ళలో అన్నంబల్ల దగ్గర కూడా అవతలి జట్టువాడు ఉండేవాడు. 1951లో బాబీ థామ్సన్ ఆఖరి ఇన్నింగ్స్‌లో కొట్టిన హోమ్ రన్‌తో జెయింట్స్ లీగ్ గెలిచినప్పుడు బ్రూక్లిన్‌వాడు మర్నాడు పనిలోకి వెళ్ళి ఆ మొహాలు చూడాలి. అసలు బాధ అక్కడుంది. 1956 చివర్లో జాకీ రాబిన్సన్‌ని డాడ్జర్స్ జెయింట్స్‌కే ఇచ్చేస్తే ఆయన అటు వెళ్ళలేదు, ఆట నుంచే తప్పుకున్నాడు.

ఆ తర్వాత జరిగినది నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. డాడ్జర్స్ యజమాని వాల్టర్ ఓమాలీ తన జట్టుని లాస్ ఏంజెలిస్ తీసుకుపోవాలనుకున్నాడు. జెయింట్స్ యజమాని హొరేస్ స్టోన్‌హామ్ కూడా న్యూయార్క్ వదలాలనే ఉన్నాడు, కాని అతని చూపు మినియాపొలిస్ మీద ఉంది. ఓమాలీ అతన్ని శాన్ ఫ్రాన్సిస్కోకి ఒప్పించాడు. ఎందుకూ? ఇద్దరూ కాలిఫోర్నియాలో ఉంటే ఆ పాత వైరం అక్కడ కూడా టికెట్లు అమ్మిపెడుతుందని. అంటే వైరాన్ని పెట్టెలో సర్దుకుని మూడు వేల మైళ్ళు తీసుకెళ్ళారు, దాన్ని పెంచి పోషించిన జనాన్ని మాత్రం అక్కడే వదిలేశారు. డాడ్జర్స్ బ్రూక్లిన్‌కి వరల్డ్ సిరీస్ తెచ్చింది ఒకేసారి, 1955లో. రెండేళ్ళకే జట్టు వెళ్ళిపోయింది. 1957 సెప్టెంబర్ 24న ఎబెట్స్ ఫీల్డ్‌లో జరిగిన ఆఖరి ఆటకి వచ్చినవాళ్ళు 6,702 మంది. 1960లో ఆ స్టేడియం పడగొట్టడానికి తెచ్చిన ఇనప గుండుకి బేస్‌బాల్ లాగా తెల్ల రంగు వేసి, ఎర్ర కుట్లు గీశారు. ఎవరికి తోచిన ముచ్చటో గాని, ఆ ఫొటో చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

1962లో న్యూయార్క్‌లో మెట్స్ అనే కొత్త జట్టు పుట్టింది. డాడ్జర్స్ నీలం, జెయింట్స్ నారింజ, రెండు రంగులూ కలిపి వేసుకుంది. ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ బతికిన ఇద్దరి రంగులు ఒకే టోపీ మీద చేరాయి. ఇద్దరినీ యజమానులే అనాథల్ని చేశారు కదా.

కాలిఫోర్నియాలో ఆ వైరం మళ్ళీ వేళ్ళూనుకుంది, కాదనను. 1965 ఆగస్టు 22న శాన్ ఫ్రాన్సిస్కోలో, డాడ్జర్స్ క్యాచర్ జాన్ రోజ్‌బరో తిరిగి విసిరిన బంతి బ్యాటింగ్ చేస్తున్న హువాన్ మరిచాల్ చెవిని రాసుకుంటూ పోయింది. మరిచాల్ బ్యాట్‌తో అతని తల మీద కొట్టాడు. రెండు జట్లూ మైదానంలోకి దూకాయి. రోజ్‌బరో తలకి కుట్లు పడ్డాయి. ఆ ఫొటోని టీవీవాళ్ళు ఇప్పటికీ చూపిస్తారు. తర్వాతి కథ చూపించరు. మరిచాల్‌కి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరక్క ఏళ్ళు గడుస్తుంటే, అతనికి ఇవ్వండని బాహాటంగా అడిగినవాడు రోజ్‌బరోనే. 1983లో ఆ గౌరవం దక్కింది. 2002లో రోజ్‌బరో చనిపోయినప్పుడు పాడె పట్టే గౌరవం ఇచ్చినవాళ్ళలో మరిచాల్ ఒకడు. వైరానికి లోతు అంటూ ఉంటే ఇలాంటి చోట ఉంటుందని నేను నమ్ముతాను.

మా బే ఏరియాలోనూ అలాంటిది ఒకటి ఉండేది. వంతెనకి అటు శాన్ ఫ్రాన్సిస్కోలో జెయింట్స్, ఇటు ఓక్లండ్‌లో ఏస్. 1989లో ఇద్దరూ వరల్డ్ సిరీస్‌లో ఎదురుపడ్డారు. సగం ఒక జట్టు, సగం ఇంకో జట్టు గుర్తు ఉన్న టోపీలు ఊరంతా కనబడ్డాయి. అక్టోబర్ 17 సాయంత్రం 5 గంటల 4 నిమిషాలకు, మూడో ఆట మొదలవబోతుండగా భూకంపం వచ్చింది. 63 మంది చనిపోయారు. ఓక్లండ్‌లో రెండంతస్తుల ఫ్రీవే ఒకదాని మీద ఒకటి కూలింది. ఆట చూడడానికి జనం పెందరాళే ఇళ్ళకి చేరడం వల్లే ఆ వేళ రోడ్ల మీద రద్దీ తక్కువగా ఉందని, లేకపోతే ఇంకా ఎంతమంది పోయేవారో అని ఇక్కడ చాలామంది చెబుతారు. పది రోజుల తర్వాత సిరీస్ మళ్ళీ మొదలైంది. ఏస్ నాలుగు ఆటలూ గెలిచింది. ఊరేగింపు సంబరం మాత్రం ఘనంగా చేసుకోలేదు, చేసుకోబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఇరుగుపొరుగు సంగతి ఇంకొకటి వినండి. జెయింట్స్‌కి శాన్ హోసే వైపు స్టేడియం కావాల్సి వచ్చినప్పుడు, 1990లో, అప్పటి ఏస్ యజమాని వాల్టర్ హాస్ ఆ ప్రాంతపు హక్కుల్ని పైసా అడక్కుండా ఇచ్చేశాడు. అక్కడ ఓటర్లు స్టేడియం వద్దన్నారు, హక్కులు మాత్రం జెయింట్స్ దగ్గరే ఉండిపోయాయి. తర్వాత ఏస్‌కి కొత్త స్టేడియం అవసరమైంది. 2006లో మా ఫ్రీమాంట్‌లో కడతామన్నారు, 2009లో వదిలేశారు. శాన్ హోసే వెళ్దామంటే జెయింట్స్ ఆ హక్కులు పట్టుకుని కూర్చున్నారు. మైదానంలో కనబడే వైరం కంటే మా జట్టుకి ఎక్కువ నష్టం చేసింది ఈ కాగితమే. దీని గురించి ఏ ఆదివారం రాత్రీ ఎవరూ డప్పు కొట్టలేదు.

ఓక్లండ్ స్టేడియం అందమైనది కాదు. బార్ట్ రైలు దిగి, ఇనప కంచె వేసిన పొడవాటి కాలినడక వంతెన దాటాలి. ఆ వంతెన మీద నీళ్ళ సీసాలు, టోపీలు, పెనం మీద చుయ్‌మంటున్న సాసేజ్‌లు అమ్మేవాళ్ళు. లోపల సిమెంటు, పాత కుర్చీలు. ఏదో ఒక మంగళవారం, ఎవరూ పట్టించుకోని ఒక జట్టుతో ఆట. జనం పల్చగా ఉంటే బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు పై అంతస్తుకి వినబడేది. కుడివైపు గ్యాలరీలో డ్రమ్ములు మాత్రం ఆగేవి కావు. ఆ డ్రమ్ములవాళ్ళకి జట్టు గెలుస్తోందా ఓడుతోందా అన్న లెక్కే లేదు.

స్కోరు రాయడం నేను అక్కడే నేర్చుకున్నాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ ఒళ్ళో స్కోరు పుస్తకం, చేతిలో చెక్కుడు పెన్సిలు. బ్యాటర్ ఊపి, బంతి తగలక ఔటైతే ‘కె’ అని రాస్తుంది. ఊపకుండా చూస్తూ ఔటైతే అదే అక్షరాన్ని అద్దంలో కనబడినట్టు తిరగేసి రాస్తుంది. నేను ఆ తిరగేసిన అక్షరం వైపు చూస్తుంటే, పెన్సిలు నా చేతిలో పెట్టి, “తర్వాతి ఆటగాడిది నువ్వు రాయి బాబూ” అంది. షార్ట్‌స్టాప్ నుంచి రెండో బేస్‌కి, అక్కణ్ణుంచి మొదటి బేస్‌కి బంతి వెళ్ళి ఇద్దరు ఔటైతే, ఆ మూడు స్థానాల అంకెలు 6-4-3 అని వేయించింది. ఆ ఆట ఎవరితోనో, ఏ వైరంలో భాగమో నాకిప్పుడు గుర్తు లేదు. ఆ పుస్తకంలో నా కోడిగీతలు మాత్రం ఉండే ఉంటాయి.

జట్టు యజమాని మంచి ఆటగాళ్ళనందరినీ వదిలించుకున్నాడు. 2023లో జట్టు 112 ఆటలు ఓడింది. జనం రావడం లేదు, అందుకే లాస్ వేగస్ వెళ్తున్నాం అన్నారు. దానికి జవాబుగా ఆ ఏడాది జూన్ 13న, ఒక మంగళవారం రాత్రి, అభిమానులు తమంతట తామే పిలుపు ఇచ్చుకుని 27,759 మంది వచ్చారు. ‘అమ్మెయ్’ అని రాసిన ఆకుపచ్చ చొక్కాలు వేసుకున్నారు. ఐదో ఇన్నింగ్స్ మొదట్లో ఒక బ్యాటర్ ఆడుతున్నంతసేపూ అన్ని వేల మందీ నోరు మెదపకుండా నిలబడ్డారు. ఆ వెంటనే జట్టుని అమ్మెయ్యమని ఒకే గొంతుతో అరిచారు. ఆ రాత్రి ఏస్ గెలిచింది, వరసగా ఏడో గెలుపు. రెండు రోజుల తర్వాత వేగస్ స్టేడియం కోసం 38 కోట్ల డాలర్ల ప్రభుత్వ సొమ్ము ఇచ్చే చట్టం మీద నెవాడా గవర్నర్ సంతకం పెట్టాడు.

2024 సెప్టెంబర్ 26న ఓక్లండ్‌లో ఆఖరి ఆట. 46,889 మంది. ఏస్ 3–2తో గెలిచింది. మేనేజర్ మార్క్ కాట్సే మైకు పట్టుకుని అభిమానులకి కృతజ్ఞతలు చెప్పి, ఊరి పేరు పెట్టి ఆఖరిసారి నినాదం ఇప్పించాడు. మైదానం పనివాళ్ళు అంచున ఉన్న మట్టి తీసి ఇస్తుంటే జనం గ్లాసుల్లో, సంచుల్లో పట్టుకెళ్ళారు. జట్టు ఇప్పుడు తాత్కాలికంగా వెస్ట్ శాక్రమెంటోలో ఆడుతోంది. ఊరి పేరు తీసేసి ఉత్త ‘అథ్లెటిక్స్’ అని పెట్టుకుంది.

హైదరాబాద్ శ్రోతలకి ఇది కొంత తెలిసే ఉంటుంది. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012 చివరికల్లా లేకుండా పోయింది. మరుసటి ఏడాదే వేరే పేరు, వేరే రంగుతో సన్‌రైజర్స్ వచ్చింది కాబట్టి ఆ గాయం త్వరగా మానింది. ఓక్లండ్‌కి అలా ఎవరూ రాలేదు.

విచిత్రంగా, ఏస్ వదిలేసిన స్టేడియంలోకి 2025 జూన్‌లో క్రికెట్ వచ్చింది. ఆ ఏడాది మేజర్ లీగ్ క్రికెట్ మొదటి ఆటలోనే శాన్ ఫ్రాన్సిస్కో యూనికార్న్స్ తరఫున ఫిన్ అలెన్ 51 బంతుల్లో 151 కొట్టాడు, అందులో 19 సిక్సర్లు. నాకు క్రికెట్ మీద ప్రాణం. అయినా మన ఊళ్ళ పిల్లలు అదే కాలినడక వంతెన మీద నుంచి కేరింతలు కొడుతూ వెళ్తుంటే, ముందు ఇక్కడ ఎవరుండేవారో వీళ్ళకి ఎవరైనా చెప్పాలి అనిపించింది. అందుకే చెబుతున్నాను.

కథ అక్కడితో అయిపోలేదు. పశ్చిమ ఓక్లండ్‌లో రైమండీ పార్క్ అనే పాత మైదానాన్ని బాగుచేసుకుని 2024 జూన్‌లో ఓక్లండ్ బాలర్స్ అనే చిన్న జట్టు అక్కడ ఆడడం మొదలుపెట్టింది. వాళ్ళది పయొనీర్ లీగ్, అందులోని జట్లు మేజర్ లీగ్ జట్లకి అనుబంధం కావు. అభిమానులు బాలర్స్‌లో వాటాలు కొన్నారు. రెండో సీజన్‌లోనే, 2025లో, ఆ జట్టు లీగ్ గెలిచింది. ఆ పాత స్టేడియంలో మోగిన డ్రమ్ములు ఇప్పుడు అక్కడ మోగుతున్నాయి. బాలర్స్‌కి గట్టి ప్రత్యర్థి ఎవరన్నది ఇంకా తేలలేదు. ఫలానా జట్టంటే ఒళ్ళు మండాలంటే ఆ జట్టు చేతిలో కొన్నేళ్ళు ఓడాలి, ఓడిన మర్నాడు వాళ్ళ మొహాలు చూడాలి. దానికి సమయం ఉంది. ఈలోగా టికెట్లు సులువుగానే దొరుకుతున్నాయి, మీలో ఎవరైనా ఇటువైపు వస్తే, ఏ మంగళవారమో చూసుకుని రండి.